దొంగకి దారి వేసి పెట్టిందెవరు?

(విజయవాడ గాంధీనగర్‌లో అపార్ట్‌మెంట్ సంఘాల సభ్యులు, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు ఒక ఆర్కిటెక్ట్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసల్లో వాళ్లకి వినబడుతోంది కదా? సరే.

వస్తువులు, ఇళ్లు, వీధులు ఎలా తయారు చేస్తే దొంగకి వీలు లేకుండా పోతుందో ఈ రోజు మాట్లాడుకుందాం. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది బండ్లు కింద పెట్టి వచ్చి ఉంటారు కాబట్టి బండి దొంగతనంతోనే మొదలుపెడతాను. కాకపోతే ఇది పశ్చిమ జర్మనీలో జరిగిన సంగతి. మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు హెల్మెట్ పెట్టుకోవాలని అక్కడ 1976లోనే రూల్ వచ్చింది, కానీ పెట్టుకోకపోతే జరిమానా లేదు. 1980లో జరిమానా వేయడం మొదలైంది. తలలు కాపాడటానికి చేసిన పని అది, దొంగల ఊసే లేదు అందులో. ఆ ఏడాది దేశం మొత్తం మీద లక్షా యాభై వేల పైచిలుకు మోటార్‌సైకిళ్లు పోతే, 1986 నాటికి ఆ లెక్క దాదాపు 54 వేలకి దిగిపోయింది.

ఎందుకు దిగిందంటారు? రోడ్డు పక్కన బండి కనపడింది, ఆశ పుట్టింది, చేతిలో హెల్మెట్ లేదు, ఎక్కి పోనిస్తే ముందు సెంటర్లోనే పోలీసు ఆపుతాడు. అంతే, వదిలేసి వెళ్లిపోయాడు. నాలుగు రోజుల ముందే ప్లాన్ వేసుకుని హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చే దొంగ ఎటూ వస్తాడు, వాడిని ఇది ఆపలేదు. కానీ పోయిన బండ్లలో అలాంటివాడు ఎత్తుకెళ్లినవి కొన్నే అని ఈ లెక్కతో బయటపడింది. ఇక్కడ కుదరకపోతే ఇంకోటి దొంగిలిస్తాడు కదా అని మీలో చాలామందికి అనిపిస్తూ ఉంటుంది. ఆ దేశంలో కార్ల దొంగతనాలు ఆ కాలంలో కాస్త పెరిగిన మాట నిజమే, కానీ తగ్గిన ఆ లక్ష ముందు అది ఏ మూలకీ రాదు.

రొనాల్డ్ క్లార్క్ అనే నేరశాస్త్రవేత్త ఈ విషయం మీదే జీవితమంతా పని చేశాడు. మొదట్లో బ్రిటన్‌లో తప్పు చేసిన పిల్లల్ని ఉంచే స్కూళ్ల మీద పరిశోధన చేస్తూ, ఎలాంటి పిల్లలు అక్కణ్ణుంచి పారిపోతారో కనిపెట్టాలని చూశాడు. పిల్లల గుణాన్ని బట్టి తేడా పెద్దగా దొరకలేదు, ఏ స్కూల్లో ఉన్నారు, ఆ స్కూలు ఎలా నడుస్తోంది అన్నదాన్ని బట్టే ఎక్కువ తేడా కనపడింది. నాకు ఈ రంగం మీద ఇష్టం పుట్టింది ఈ సంగతి చదివాకే. మనిషి గుణం మార్చడం నాలాంటివాళ్ల చేతుల్లో లేదు, తలుపు ఎటు తెరుచుకోవాలో గీయడం మాత్రం నా చేతుల్లో ఉంది.

స్టీరింగ్ లాక్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సగం పని చేస్తే ఏమవుతుందో అందులో ఉంది. జర్మనీ వాళ్లు 1960ల మొదట్లో పాత కార్లు, కొత్త కార్లు అన్నిటికీ ఆ లాక్ ఉండాల్సిందే అన్నారు, దొంగతనాలు బాగా తగ్గాయి. బ్రిటన్ 1971 నుంచి కొత్త కార్లకి మాత్రమే పెట్టించింది. ఏమైంది? కొత్త కార్లు బతికాయి, దొంగలు పాత కార్ల మీద పడ్డారు. పాత కారు ఎవరి దగ్గర ఉంటుంది? కొత్తది కొనలేనివాడి దగ్గర. ఇది గుర్తు పెట్టుకోండి, అపార్ట్‌మెంట్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ అవసరం వస్తుంది.

అదే బ్రిటన్‌లో తర్వాత ఒక మంచి పని జరిగింది. ఏ కంపెనీ, ఏ మోడల్ కారు ఎక్కువ పోతోందో 1992లో హోం శాఖ ఒక జాబితా వేసి బయటపెట్టింది. జనం షోరూమ్‌కి వెళ్లి మీ కారు ఆ జాబితాలో ఎక్కడుంది అని అడిగే వీలు కలిగింది, కంపెనీల మీద ఒత్తిడి పెరిగింది. 1998 నుంచి యూరప్‌లో కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళం చెవి కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఏర్పాటు, తప్పనిసరి చేశారు. మరి మన దగ్గర? మైలేజీ ఎంత అని అడుగుతాం, రీసేల్ వాల్యూ అడుగుతాం, ఈ మోడల్ హ్యాండిల్ లాక్ కాలితో గట్టిగా తంతే విరుగుతుందా లేదా అని ఎప్పుడైనా అడిగామా? అసలు అడిగితే చెప్పే లెక్క ఎక్కడైనా దొరుకుతుందా? ప్రతి స్టేషన్‌లోనూ కంప్లయింట్ మీద బండి మోడల్ రాస్తారు కదండీ. వాటిని కలిపి విజయవాడ, గుంటూరుల్లో ఏ మోడళ్లు ఎక్కువ పోతున్నాయో ఏటా పేపర్లో వేయిస్తే చాలు, పెద్ద ఖర్చు లేదు. తర్వాతి మోడల్లో లాక్ ఎందుకు గట్టిపడదో చూద్దాం.

ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయానికి వస్తాను. బండి పోయిందని చెప్తే ఇంట్లోవాళ్లు, ఆఫీసువాళ్లు, స్టేషన్‌లో రాసుకునేవాళ్లు, అందరిదీ ఒకటే మొదటి ప్రశ్న: "లాక్ వేశావా?" మెళ్లో గొలుసు లాక్కెళితే "ఆ టైంలో అంత బంగారం వేసుకుని ఎందుకెళ్లావమ్మా?" ఖాతాలో డబ్బు పోతే "చదువుకున్నావు కదా, ఓటీపీ ఎందుకు చెప్పావు?" పోగొట్టుకున్న మనిషి సిగ్గుతో తల దించుకుని కూర్చుంటుంది. ఆ బండి లాక్ తయారు చేసిన కంపెనీ, ఆ వీధికి ఫుట్‌పాత్ లేకుండా ప్లాన్ గీసినవాళ్లు, ఆ యాప్‌లో డబ్బు పంపే స్క్రీను, తీసుకునే స్క్రీను ఒకేలా పెట్టినవాళ్లు, వీళ్లని ఎవరూ ఒక్క మాట అడగరు. జాగ్రత్త అంతా వాడుకునేవాళ్ల నెత్తిన పెట్టేసి, తయారు చేసినవాళ్లని వదిలేయడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి సాక్ష్యాలు.

బ్యాంకు కార్డు చూడండి. ఒకప్పుడు వెనక నల్ల గీత ఉన్న కార్డుని ఎక్కడో గీకించి నకిలీ కార్డు చేసేవాళ్లు. 2018 డిసెంబరు ఆఖరులోగా అందరికీ చిప్ ఉన్న కార్డులు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ గడువు పెట్టింది. చిప్ నకలు తీయడం చాలా కష్టం. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తనిఖీ ఉండాలని 2009లోనే పెట్టారు. మన జనం ఒక్కసారిగా తెలివి మీరిపోయారా? లేదు, వస్తువు మారింది. 2017 జులైలో ఇంకో ఉత్తర్వు వచ్చింది: తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు, మూడు పని దినాల్లోగా చెప్తే ఖాతాదారుకి నష్టం ఉండకూడదు అని. ఇది న్యాయానికి సంబంధించిన ఉత్తర్వులా కనపడుతుంది గానీ నా దృష్టిలో డిజైన్‌కి సంబంధించినది కూడా. కేంబ్రిడ్జ్‌లో రాస్ ఆండర్సన్ అనే ప్రొఫెసర్ 1990ల్లోనే దీని మీద రాశాడు. అమెరికాలో ఖాతాదారు తప్పని బ్యాంకు రుజువు చేయాలి, బ్రిటన్‌లో మాత్రం మా మెషీన్ తప్పు చేయదు అంటూ బ్యాంకులు ఖాతాదారునే అనుమానించేవి, కాబట్టి లోపాలు దిద్దుకోవాల్సిన అవసరమే వాటికి కలగలేదు అని. నష్టం ఎవరి జేబులోంచి పోతుందో వాళ్లే లోపం వెతుకుతారు.

యూపీఐలో కూడా చూడండి, "మీకు డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి" అని చెప్పి కలెక్ట్ రిక్వెస్ట్, అంటే డబ్బు ఇవ్వమని అడిగే సందేశం, పంపించి ఎంతమందిని ముంచారు! పిన్ అనేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు అని ఎన్ని ప్రకటనలు వేశారు? పెద్దవాళ్లు మోసపోతూనే ఉన్నారు. చివరికి 2025 అక్టోబరు నుంచి వ్యక్తుల మధ్య ఆ రిక్వెస్ట్ పంపే వీలే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ తీసేసింది. ఆ బటనే లేకపోతే ఆ మోసమే లేదు. ఇది ముందే చేసి ఉండాల్సింది.

వేలిముద్రల సంగతి ఇంకా ఘోరం. భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ముద్రలు ఉంటాయి కదా, ఆ దస్తావేజులు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడితే, వాటిలోంచి ముద్రలు తీసి రబ్బరుతో నకిలీ వేళ్లు చేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో తెలంగాణలో బయటపడింది. ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలోనూ ఇలాంటి మోసాలే జరిగాయి. ఇక్కడ ఎవరిని జాగ్రత్తగా ఉండమంటాం? పొలం అమ్మిన రైతు తన వేలు ఎక్కడ దాచుకుంటాడు? 2023 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ ఆ వేలు బతికున్న మనిషిదా, రబ్బరుదా అని చూసే తనిఖీ పెట్టింది. దస్తావేజు ఆన్‌లైన్‌లో పెట్టిన రోజే ముద్ర మీద ఒక నల్ల గడి పెట్టి మూసేయాలని ఒక్కరికి తట్టి ఉంటే ఎంత బాగుండేది!

సరే, నా సొంత పనికి వస్తాను. ఇళ్లు.

మన తలుపులకి బయట గొళ్లెం, దానికి వేలాడే తాళం కప్ప. కప్ప ఎంత పెద్దదైతే అంత ధైర్యం మనకి. దొంగ కప్ప జోలికి పోనే పోడండీ. గొళ్లేనికి అర అంగుళం స్క్రూలు ఉంటాయి, ఇనప రాడ్డు దూర్చి ఒక్కసారి మెలిపెడితే స్క్రూలతో సహా చెక్కలోంచి ఊడొస్తుంది. తాళం మాత్రం భద్రంగా అలాగే ఉంటుంది. గొళ్లెం బిగించేటప్పుడు తలుపు అవతలి వైపుకి బోల్టు దూర్చి నట్టు వేయమని వడ్రంగికి చెప్పండి, పెద్ద ఖర్చేం కాదు. ఇంకో సంగతి, బయట కప్ప వేలాడుతోందంటే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు పెట్టినట్టే. తలుపు లోపలే ఇమిడిపోయే తాళమైతే మీరు లోపలున్నారో ఊరెళ్లారో బయటికి తెలియదు.

బోర్డుల మాట వచ్చింది కాబట్టి, సంక్రాంతికి మన ఊళ్లో సగం అపార్ట్‌మెంట్లు ఖాళీ అవుతాయి. వీధంతా ముగ్గులు ఉండి ఒక్క వాకిట్లో లేకపోతే అది ఎంత దూరం నుంచైనా కనపడుతుంది. పాల ప్యాకెట్లు, గేటులో పేపర్లు సరే, ముగ్గు సంగతి ఎవరూ ఆలోచించరు. పక్కింటి ఆవిణ్ణి నాలుగు గీతలు గీయమని చెప్పి వెళ్లండి. పోలీసుల దగ్గర ఎల్‌హెచ్‌ఎంఎస్, లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్ అని ఉంది, ఊరెళ్తున్నామని ముందే చెప్తే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, అదీ వాడుకోండి.

ఇక ప్లాన్ల దగ్గర. మా వృత్తిలోవాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఇది. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య వదిలే ఖాళీ జాగా, సెట్‌బ్యాక్, గాలీ వెలుతురూ కోసం వదలమని రూల్. మేమేం చేస్తాం? అటువైపు బాత్‌రూమ్ వెంటిలేటర్లు, డ్రైనేజీ పైపులు తప్ప ఒక్క కిటికీ పెట్టం. మీదికెక్కడానికి పైపులు, నిలబడటానికి సన్‌షేడ్లు, ఏసీ పెట్టెల స్టాండ్లు, దూరడానికి అద్దాల పట్టీలు ఊడొచ్చే వెంటిలేటరు, చూడటానికి ఒక్క మనిషి లేడు. నిచ్చెన వేసి ఇచ్చినట్టే. వంటింటి కిటికీ ఒక్కటి అటు తిప్పితే చాలు, రోజంతా అక్కడ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. కాంపౌండ్ గోడ కూడా అంతే. ఎనిమిది అడుగుల గోడ కట్టి పైన గాజు పెంకులు పెట్టేసరికి గోడ దూకినవాడికి అదే రక్షణ అవుతోంది, వీధిలో పోయేవాళ్లెవరికీ వాడు కనపడడు. నడుము ఎత్తు దాకా గోడ, పైన ఇనప కమ్ములు, ఇది నా సలహా. కిటికీలకి మొత్తం గ్రిల్ బిగించి ఒక్కటి కూడా లోపలి నుంచి తెరుచుకోకుండా చేసుకోవద్దు, మంటలొస్తే మనమే బయటికి రాలేం.

పాత ఇళ్లకి వీధి అరుగు ఉండేది. సత్యనారాయణపురంలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ పాత వీధుల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. సాయంత్రమైతే తాతగారో, కూరలు తరిగే పెద్దావిడో అక్కడ కూర్చుంటారు, కొత్త మనిషి వీధిలోకి వస్తే "ఎవరింటికి బాబూ?" అని ఒక పలకరింపు. 1961లో అమెరికాలో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి ఇదే చెప్పింది, వీధిని కాపాడేది ముందుగా ఆ వీధిని చూస్తూ ఉండే కళ్లే అని. మేం అరుగు తీసేసి కింద అంతస్తు మొత్తం స్తంభాలు నిలబెట్టి పార్కింగ్ చేశాం. మనుషులుండే మొదటి గుమ్మం పన్నెండు అడుగుల పైకి వెళ్లిపోయింది. కింద వాచ్‌మన్ కుటుంబం ఒక్కటే మిగిలింది, వాళ్లకిచ్చే గది కిటికీ కూడా లిఫ్టు వెనక గోడకి ఉంటుంది. ఆ గదిని గేటుకి ఎదురుగా పెట్టి, పక్కన నలుగురు కూర్చునే బల్ల ఒకటి కట్టమని నా దగ్గరికి వచ్చే ప్రతి బిల్డర్‌కీ చెప్తూనే ఉంటాను, ఒక కారు పట్టే జాగా పోతుందని ఒప్పుకోరు.

ఆస్కార్ న్యూమన్ అనే ఆర్కిటెక్ట్ అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పేదవాళ్ల కోసం కట్టిన ప్రూయిట్ ఐగో అనే కాలనీని దగ్గరగా చూశాడు. 33 బ్లాకులు, ఒక్కోటి 11 అంతస్తులు, 1950ల్లో కట్టారు, 1972లో కూల్చడం మొదలుపెట్టేశారు. అక్కడ ఇరవై కుటుంబాలు కలిసి వాడుకునే వరండాలు భయంకరంగా ఉండేవి, ఆ బ్లాకుల్లోనే రెండు కుటుంబాలకి మాత్రమే ఉన్న మెట్ల ముందు జాగాలు శుభ్రంగా ఉండేవి. మనుషులు వాళ్లే, అద్దె అదే. మనకి ప్రభుత్వం పేదవాళ్లకి కట్టిన టిడ్కో ఇళ్లున్నాయి, జక్కంపూడి వైపు బ్లాకులున్నాయి. ఒక్కో వరండాలోకి ఎన్ని గుమ్మాలు తెరుచుకుంటున్నాయో, మెట్ల దగ్గర లైటు ఎవరి బాధ్యతో విద్యార్థులు వెళ్లి చూసి రండి. డబ్బున్నవాళ్లు గ్రిల్లూ కెమెరా కొనుక్కుంటారు, ఇందాక చెప్పిన పాత కార్ల లాగా భారం వీళ్ల మీదకే వస్తుంది. ప్రభుత్వం కట్టే ఇంటికి ముందే ఆలోచించి గీయాలి.

వీధి దీపాలు. అమెరికా, బ్రిటన్‌లలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి వెల్ష్, ఫారింగ్టన్ అనే ఇద్దరు లెక్క తీస్తే, వెలుతురు పెంచిన చోట నేరాలు సుమారు 20 శాతం తగ్గాయని తేలింది. కొన్ని చోట్ల పగటి నేరాలు కూడా తగ్గాయి, ఈ వీధిని ఎవరో పట్టించుకుంటున్నారని తెలిసిపోతుంది కాబట్టి అని వాళ్ల వివరణ. మన దగ్గర దీపం ఎక్కడుంటుంది? రోడ్డు మధ్యలో, ఎత్తులో, కార్ల కోసం. ఫుట్‌పాత్ మీద కానుగ చెట్టు, దాని కింద కారుచీకటి. నడిచే మనిషి కోసం చెట్టు కొమ్మల కిందికి ఇంకో దీపం కావాలి.

గొలుసు దొంగతనాల్లో ఎక్కువగా జరిగేది ఏమిటంటే, ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరో పార్క్ చేసిన బండ్లో ఉంటాయి, ఆవిడ రోడ్డు ఎడమ అంచున నడుస్తుంది, బైక్ వెనక నుంచి వచ్చేస్తుంది. ఎదురుగా వచ్చే బండి కనపడేలా కుడివైపు నడవమంటారు, అదీ ఆవిడకే సలహా. ఎత్తుగా, తెగిపోకుండా సాగే ఫుట్‌పాత్ ఉండి, సందు మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంటే బైక్ ఆవిడ పక్కకి చేరలేదు, చేరినా దూసుకుపోలేదు.

ఇంకొకటి, రాత్రి పది దాకా పునుగుల బండి ఉండే మలుపులో ఆడపిల్లలు భయం లేకుండా నడుస్తారు. దాన్ని ట్రాఫిక్‌కి అడ్డం అని తీసేసిన మర్నాటి నుంచి ఆ మలుపు చీకటి మలుపు. తోపుడు బండ్లవాళ్లకి 2014 నుంచి చట్టమే ఉంది, వాళ్లకి జాగా చూపించాలని. బస్‌స్టాపు పక్కనే ఆ జాగా ఎందుకు ఇవ్వకూడదు? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత బస్సు వచ్చాక స్టాపుల్లో నిలబడే ఆడవాళ్లు పెరిగారు, మూడు వైపులా ప్రకటనల బోర్డులతో మూసేసిన షెల్టర్లో లోపల ఎవరున్నారో బయటికి కనపడదు, బయట ఎవరు వస్తున్నారో లోపలికి కనపడదు. ఆ బోర్డులు పైకప్పు మీద పెట్టుకోవచ్చు.

ప్రశ్నా? చెప్పండి సార్.

"మా అపార్ట్‌మెంట్‌లో పదహారు కెమెరాలు పెట్టించాం మేడం, అది సరిపోదా?"

కార్ పార్కింగ్‌లో కెమెరా బాగా పనిచేస్తుందని అధ్యయనాల్లో తేలింది సార్, కొట్లాటలూ దాడుల్లో మాత్రం పెద్దగా తేడా కనపడలేదు. మీ కెమెరాలు ఉంచండి, కానీ అది జరిగాక చూసుకునే వస్తువు. ముఖానికి గుడ్డ కట్టుకుంటే అదీ లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి వెనక సెట్‌బ్యాక్ వైపు ఒక గేటు, మనిషి కదిలితే వెలిగే లైటు పెట్టించండి. ఒక్క విషయం మాత్రం బతిమాలి చెప్తాను, కాలనీ దారికి గేట్లు వేసి తాళాలు పెట్టడం, అరుగు మీద ఎవరూ పడుకోకుండా మేకులు దిగ్గొట్టడం, ఇలాంటివి డిజైన్ పేరుతో చేయొద్దు. అంబులెన్స్ రాని వీధి, ముసలాయన కాసేపు కూర్చోలేని వీధి భద్రమైన వీధి అని నేను ఒప్పుకోను.

ఫోన్ల గురించి అడుగుతారనుకున్నాను, ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. ఫోన్ పోతే వెంటనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో కంప్లయింట్ పెట్టి ఐఎంఈఐ నంబర్, అంటే ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబర్, బ్లాక్ చేయించండి, 2023 మే నుంచి దేశమంతా ఉంది. బ్లాక్ అయిన ఫోన్ మన దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు కాబట్టి కొనేవాడికి పనికిరాదు. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే నంబర్ వస్తుంది, ఇప్పుడే చూసి రాసుకోండి. ఫోన్‌లో దాచుకుంటే ఫోన్‌తోపాటే పోతుంది, కాగితం మీద రాయండి.

చివరిగా ఒక పని. 1989లో టొరంటోలో మెట్రాక్ అనే సంస్థ ఆడవాళ్లతో రాత్రిపూట వీధులు నడిపించి, ఎక్కడ భయమేస్తోందో వాళ్ల చేతే రాయించింది. ఢిల్లీలోనూ జాగోరి అనే సంస్థ ఇలా చేయించింది. మనమూ చేద్దాం. వచ్చే ఆదివారం రాత్రి ఏడున్నరకి అలంకార్ సెంటర్ దగ్గర కలుద్దాం, అక్కణ్ణుంచి రైల్వే స్టేషన్ దాకా, మళ్లీ వెనక్కి. టార్చిలు తేవద్దు, ఫోన్ లైట్ కూడా వేయొద్దు, ఉన్న వెలుతురెంతో తెలియాలి. ఆడవాళ్లు ముందు నడవండి, మాట్లాడుకుంటూ మామూలుగా. మగపిల్లలు వెనక నుంచి గమనించండి, వాళ్ల నడక ఎక్కడ వేగం అందుకుంది, ఎక్కడ ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదకి వచ్చారు, ఎక్కడ బ్యాగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది, అన్నీ రాసుకోండి. పక్కన కరెంటు స్తంభం మీద నంబరుంటే అది కూడా రాయండి, వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చేటప్పుడు ఏ స్తంభం అని ముందు అదే అడుగుతారు.